కొత్త ఊళ్లో ఏ సంఘానికి (చర్చికి) వెళ్లాలి?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: ఉద్యోగం మారి కొత్త ఊరికి వచ్చారు. మీరు లూథరన్ కుటుంబంలో పుట్టి పసితనంలోనే బాప్తిస్మం పొందారు. మీ భార్యది బాప్టిస్ట్ సంఘం, పెద్దయ్యాక ముంచుడు బాప్తిస్మం తీసుకున్నారు. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి నాలుగేళ్లు, ఇంకా బాప్తిస్మం ఇప్పించలేదు. దగ్గర్లో ఆరేడు సంఘాలున్నాయి. ఏది ఎంచుకోవాలి, ఎన్నాళ్లు చూడాలి, ఏం చూడాలి?

ఆరేడింటికీ తిరగక్కర్లేదు. సగం పని ఇంట్లోనే అయిపోతుంది. పైగా చూసే సంఘాలు పెరిగేకొద్దీ మనసు పోలికలకు అలవాటు పడుతుంది. ఒకచోటి పాటలు, ఇంకోచోటి ప్రసంగం, మరోచోటి సండే స్కూలు కలిపి ఎక్కడా లేని సంఘాన్ని వెతకడం మొదలవుతుంది. జాబితాను రెండుకు, మహా అయితే మూడుకు కుదించుకుని వాటినే నిదానంగా చూడండి.

మీ ఇంట్లో ముందుగా తేలాల్సింది బాప్తిస్మం సంగతి. ఇది పక్కన పెట్టి మిగతావన్నీ చూసుకుంటే, అన్నీ నచ్చి సభ్యత్వం దాకా వచ్చాక అక్కడ చిక్కుపడతారు. లూథరన్లు 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన ప్రకారం పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు. బాప్టిస్టులు, ఉదాహరణకు 1689 లండన్ విశ్వాస ప్రకటనను పాటించేవారు, స్వయంగా విశ్వసించి ఒప్పుకున్నవారికే, అదీ నీటిలో ముంచి ఇస్తారు. దీని ఫలితం మీ ఇద్దరికీ ఒకేలా ఉండదు. లూథరన్, ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, మెథడిస్ట్ సంఘాలు సాధారణంగా మీ భార్య బాప్తిస్మాన్ని ఉన్నదున్నట్టు అంగీకరిస్తాయి, మళ్లీ తీసుకోమనవు. బాప్టిస్ట్, సహోదర (బ్రదరెన్), చాలా పెంతెకోస్తు సంఘాలు మాత్రం సభ్యత్వానికి మిమ్మల్ని మళ్లీ బాప్తిస్మం తీసుకోమనే అవకాశం ఎక్కువ. వాళ్ల దృష్టిలో అది రెండోసారి కాదు, మొదటిసారే. కొన్ని బాప్టిస్ట్ సంఘాలు మాత్రం పసితనపు బాప్తిస్మం ఉన్నవారిని కూడా సభ్యులుగా చేర్చుకుంటాయి. ఒక్క ఫోన్ కాల్‌తో తెలిసే విషయం ఇది, మొదటి వారమే అడిగేయండి.

చిన్నపాప విషయానికొస్తే, లూథరన్ సంఘంలో చేరితే ఆమెకు త్వరగా బాప్తిస్మం ఇప్పించమని కాపరి కోరతారు. బాప్టిస్ట్ సంఘంలో ప్రతిష్ఠ ప్రార్థన (బిడ్డను దేవునికి అప్పగించే ప్రార్థన) చేసి, ఆమె ఎదిగి తనంతట తాను ఒప్పుకునేదాకా ఆగమంటారు. ఈ రెంటిలో ఏది వాక్యానుసారమో భార్యాభర్తలు ముందుగా ఇంట్లో చదివి మాట్లాడుకోవాలి. సంఘం నచ్చింది కాబట్టి సిద్ధాంతం కూడా సరేనంటే, నాలుగేళ్ల తర్వాత ఇద్దరిలో ఒకరికి అది మింగుడుపడదు. మీ ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరకపోతే, 1908లో ఏర్పడిన నజరేన్ సంఘం లాంటివి శిశు బాప్తిస్మమా, ప్రతిష్ఠా అన్నది తల్లిదండ్రుల ఇష్టానికే వదిలేస్తాయి. అలాంటిది అందుబాటులో ఉంటే జాబితాలో పెట్టుకోండి.

ప్రభువు బల్ల గురించి, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం గురించి కూడా ఇప్పుడే తెలుసుకోండి. ప్రభురాత్రి భోజనం, సత్ప్రసాదం అన్నా ఇదే. కతోలిక, ఆర్థడాక్స్ సంఘాల్లో బయటివారికి సత్ప్రసాదం ఇవ్వరు. కతోలిక సంఘంలో 1983 ధర్మశాస్త్ర స్మృతిలోని (కానన్ లా, అంటే ఆ సంఘపు చట్టాల పుస్తకంలోని) 844వ నియమం కొన్ని మినహాయింపులు చెబుతుంది గానీ అవి అరుదైన పరిస్థితులకే. అమెరికాలోని మిస్సోరీ సినడ్ లాంటి సంప్రదాయ లూథరన్లు, కొన్ని సహోదర కూటాలు కూడా బల్లను తమ సభ్యులకే పరిమితం చేస్తాయి. దీన్ని అవమానంగా తీసుకోకండి. బల్లను తేలిగ్గా చూడరని దానికి అర్థం. కానీ భార్యాభర్తల్లో ఒకరు బల్లకు వెళ్తూ, ఇంకొకరు ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుని ఉండే పరిస్థితి మాత్రం తెచ్చుకోకండి. దాని బరువు మొదట్లో తెలియదు.

ఇక సిద్ధాంతం. ప్రతి తేడానీ ఒకే తూకం వేయకూడదు. కనీస హద్దుగా నీకయ విశ్వాస ప్రమాణాన్ని పెట్టుకోండి. 325లో నీకయలో మొదలై 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో ఇప్పటి రూపానికి వచ్చిన ఆ ప్రమాణాన్ని కతోలికులు, ఆర్థడాక్సువారు, ప్రొటెస్టెంట్లలో అత్యధికులు ఒప్పుకుంటారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడే అని, యేసు నిజంగా దేవుడు, నిజంగా మనిషి అని, ఆయన శరీరంతో తిరిగి లేచాడని చెప్పని చోట మిగతాదంతా ఎంత బాగున్నా మీరు వెతికేది అక్కడ లేదు. యెహోవాసాక్షులు త్రిత్వాన్ని ఒప్పుకోరు. మోర్మన్ల బోధలో తండ్రి, కుమారుడు, ఆత్మ వేర్వేరు ముగ్గురు. పెంతెకోస్తు పేరుతోనే ఉండి త్రిత్వాన్ని నిరాకరించే శాఖ కూడా ఒకటుంది. యేసు నామంలో మాత్రమే బాప్తిస్మం ఇచ్చే ఈ బోధ కారణంగానే 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకోస్తు సంఘాల కూటమి నుంచి చాలామంది విడిపోయారు. పాటలు, ప్రార్థనలు అచ్చం ఒకేలా ఉంటాయి కాబట్టి ఆరాధన చూసి తేడా పట్టలేరు. బాప్తిస్మం ఏ నామంలో ఇస్తారని అడిగితే చాలు, చాలావరకు తెలిసిపోతుంది.

ఆ హద్దు లోపల ఉన్న తేడాలు వేరే రకం. అన్యభాషలు, రెండో రాకడ క్రమం, స్త్రీలు ప్రసంగించడం, ఆరాధన శనివారమా ఆదివారమా అన్నవాటి మీద నిజమైన విశ్వాసులు నిజాయితీగానే విభేదిస్తారు. వీటిలో మీకు ఏది మనస్సాక్షి విషయమో, ఏది అలవాటో విడదీసి రాసుకోండి. కాగితం మీద రాయడం ముఖ్యం, ఎందుకంటే మంచి సంగీతం విన్న పూట మనస్సాక్షి కూడా కొంత సర్దుకుంటుంది.

ప్రతి సంఘానికీ రాసి పెట్టిన విశ్వాస ప్రకటన ఉందో లేదో చూడండి. వెబ్‌సైట్‌లో లేకపోతే అడగండి. "మాకు సిద్ధాంతాలేవీ లేవు, మాకు బైబిలే" అన్న జవాబు భక్తిగా వినిపిస్తుంది. కానీ బైబిలు చదివే ప్రతివారికీ ఒక అర్థం ఉంటుంది. అది రాసి పెట్టకపోతే కాపరి మనసులోనే ఉంటుంది, ఆయన మారినప్పుడల్లా మారుతుంది. రాసి పెట్టిన ప్రకటన ఉంటేనే సభ్యుడు కాపరిని పట్టుకుని "మనం ఒప్పుకున్నది ఇది కాదు గదా" అని అడగగలడు.

ఇంత అయ్యాక వెళ్లి చూడండి. ఒక్కో సంఘానికి వరుసగా నాలుగు ఆదివారాలు కేటాయించండి. ఒక్క వారం చూసి నిర్ణయిస్తే అతిథి ప్రసంగికుడినో, పండుగ ఆరాధననో చూసి మోసపోతారు. ఆ నాలుగింటిలో ఒకటి ప్రభురాత్రి భోజనం ఉన్న ఆదివారం అయ్యేలా చూసుకోండి. మధ్యలో ఒక వారం జరిగే ప్రార్థన కూటానికి గానీ బైబిలు స్టడీకి గానీ తప్పకుండా వెళ్లండి. ఆదివారం వచ్చేవారిలో ఎంతమంది వారం మధ్యలో కూడా వస్తారో, అక్కడ ఎవరెవరు ప్రార్థిస్తారో చూస్తే ఆ సంఘం నిజంగా దేని మీద నడుస్తోందో అర్థమవుతుంది. ఆరాధనకు పావుగంట ముందు వెళ్లండి, అయిపోయాక ఇరవై నిమిషాలు ఉండండి. కొత్తవాళ్లను గేటు దగ్గర పలకరించే బాధ్యత ఎవరికో అప్పగించి ఉంటారు, కాబట్టి ఆ పలకరింపును లెక్కలోకి తీసుకోకండి. ఆ పని అప్పగించనివాళ్లు, ముఖ్యంగా పెద్దవయసువాళ్లు, ఒంటరిగా వచ్చినవాళ్లు, పేదవాళ్లు అక్కడ ఎవరితో మాట్లాడుతున్నారు? వాళ్లు ఎవరి పక్కన కూర్చుంటున్నారు? యాకోబు పత్రిక రెండో అధ్యాయం ఈ కూర్చోబెట్టడం గురించే మాట్లాడుతుంది.

ప్రసంగం విషయంలో మీరు నోట్సు రాయాలి. నాలుగు వారాలూ నాలుగు సంగతులు రాసుకోండి: చదివిన వాక్యభాగం ఏది, దాని ముందూ వెనకా ఏముందో ప్రసంగికుడు చెప్పాడా, క్రీస్తు చేసిన పని ఆ ప్రసంగంలో ఎక్కడ ఉంది, చివరికి మిమ్మల్ని ఏం చేయమన్నాడు. ఇంటికెళ్లి ఆ అధ్యాయం మొత్తం చదవండి. బెరయ వాళ్లు పౌలు చెప్పినదాన్నే లేఖనాలతో సరిచూశారని అపొస్తలుల కార్యములు 17:11 మెచ్చుకుంటుంది, కాబట్టి ఇందులో అవిధేయతేమీ లేదు. ఒక ఉదాహరణ: యిర్మీయా 29:11 మీద ప్రసంగం విన్నారనుకోండి. దేవుడు సమాధానకరమైన ఉద్దేశాలు పెట్టుకున్నాడనే ఆ మాట బబులోనుకు చెరపట్టబడిన యూదులకు రాసిన ఉత్తరంలోది. దాని ముందు వచనమే డెబ్భై ఏళ్లు ఆగాలని చెబుతుంది. అంటే విన్నవారిలో చాలామంది తిరిగి రాకుండానే చనిపోతారు. ఇది చెప్పి, ఆ నిరీక్షణ అప్పటికీ ఎందుకు నిజమో వివరించే ప్రసంగికుడు మిమ్మల్ని ఏళ్ల తరబడి పోషించగలడు. ఈ ఏడాది మీకు ఇల్లు, ప్రమోషన్ రాబోతున్నాయని చెప్పి ముగించేవాడి దగ్గర మీ పిల్లలు బైబిలు చదవడం నేర్చుకోలేరు.

నాలుగు ప్రసంగాల్లోనూ వాక్యభాగం వేరైనా చివరికి సందేశం ఒక్కటే అయితే గమనించండి. కానుకలివ్వండి, మీ శత్రువులు ఓడిపోతారు, నాయకుడికి లోబడండి లాంటివి ప్రతివారం వస్తుంటే వాక్యం కేవలం మొదలుపెట్టడానికే పనికొస్తోందన్నమాట. పుస్తకం వెంట పుస్తకం వరుసగా బోధించే సంఘాల్లో ఈ ప్రమాదం తక్కువ, ఎందుకంటే తనకు నచ్చని అధ్యాయం వచ్చినా కాపరి దాటేయలేడు. కతోలిక సంఘంలో, లూథరన్, ఆంగ్లికన్, మెథడిస్ట్ సంఘాల్లో చాలాచోట్ల మూడేళ్ల పాఠాల పట్టిక ఉంటుంది: ఒక ఏడు మత్తయి, ఒక ఏడు మార్కు, ఒక ఏడు లూకా, వాటి మధ్య యోహాను. పట్టిక ఉన్నచోట ప్రసంగం చిన్నదిగా, పదిహేను ఇరవై నిమిషాలే ఉండొచ్చు. నిడివిని బట్టి తీర్పు చెప్పకండి, పాఠాన్ని విప్పాడా లేదా చూడండి.

సంగీతం గురించి ఎక్కువ చెప్పను. సంఘమంతా పాడుతోందా, వేదిక మీదివాళ్లు పాడుతుంటే మిగతావారు వింటున్నారా? పాటల్లో మాటలు ఇంటికి వచ్చి చదువుకుంటే నిలుస్తాయా? ఈ రెండూ చాలు. పాడే తీరు, వాయిద్యాలు కొన్ని నెలల్లో అలవాటైపోతాయి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమని నేను నమ్మేదానికి వస్తున్నాను, ఎందుకంటే ఎక్కువమంది దీన్ని అసలు చూడరు. ఆ సంఘంలో కాపరిని ఎవరు ప్రశ్నించగలరు? ఎవరు "వద్దు" అనగలరు? అవసరమైతే ఎవరు తొలగించగలరు? ఆరాధన బాగున్న రోజున ఏ సంఘమైనా బాగుంటుంది. తప్పు జరిగిన రోజున ఏం చేస్తుందన్నదే దాని నిజ స్వరూపం, ఆ రోజు పనికొచ్చే ఏర్పాటు ముందే ఉండాలి.

పాలనలో స్థూలంగా మూడు పద్ధతులున్నాయి. కతోలిక, ఆర్థడాక్స్, ఆంగ్లికన్, మెథడిస్ట్ సంఘాల్లో బిషప్పు ఉంటాడు. ఫిర్యాదు చేయడానికి పైన ఒకరున్నారు, కాపరిని బదిలీ చేయగలరు. ప్రెస్బిటేరియన్లలో ఎన్నుకున్న పెద్దల సభ, దాని పైన మరో సభ ఉంటాయి. బాప్టిస్ట్ లాంటి సంఘాల్లో సభ్యులే ఓటుతో నిర్ణయిస్తారు. ఏదీ దానంతటదే రక్ష కాదు. 2002లో అమెరికాలోని బోస్టన్ కతోలిక అగ్రమేత్రాసనంలో (ఆర్చ్‌డయోసిస్‌లో) బయటపడినదేమిటంటే, పిల్లలపై అత్యాచారం చేసిన గురువులను (ఫాదర్లను) పైవారే ఒక విచారణ (పారిష్) నుంచి ఇంకో విచారణకు మార్చుతూ వచ్చారని. 2022లో వెలువడిన దర్యాప్తు నివేదిక, అమెరికాలోని బాప్టిస్ట్ సంఘాల సమాఖ్య అయిన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ కేంద్ర కార్యాలయంలో ఆరోపణలున్న వందలాది మంది జాబితా రహస్యంగా ఉంచారని, బాధితులకు మాత్రం స్థానిక సంఘాలు స్వతంత్రమైనవి కాబట్టి తామేమీ చేయలేమని చెప్పారని బయటపెట్టింది. ఒకచోట పై అధికారం కప్పిపుచ్చింది, ఇంకోచోట పై అధికారం లేదనే సాకు కప్పిపుచ్చింది. కాబట్టి ఏ పద్ధతి అని కాకుండా, ఆ పద్ధతి ఈ సంఘంలో నిజంగా పనిచేస్తోందా అని అడగాలి.

స్వతంత్ర సంఘాల్లో ఇంకా జాగ్రత్తగా చూడండి. అక్కడ పైన ఎవరూ లేరు, కాబట్టి లోపల ఉండాలి. పెద్దల పేర్లు అడగండి. కమిటీలో ముగ్గురున్నా, ఆ ముగ్గురూ కాపరి, ఆయన భార్య, ఆయన కొడుకు అయితే ఉన్నది ఒక్కరే. పెద్దలను ఎలా ఎన్నుకుంటారు, ఎన్నేళ్లకొకసారి, చివరిసారి ఎప్పుడు జరిగింది అన్నవి అడగండి. 1 తిమోతి 3, తీతు 1 పెద్దలకు అర్హతలు చెబుతాయి, 1 పేతురు 5:3 మందపై ప్రభువులైనట్టు ప్రవర్తించవద్దంటుంది, 1 తిమోతి 5:19-20 పెద్ద మీద సాక్ష్యంతో వచ్చిన ఆరోపణ రుజువైతే అందరి ఎదుటా గద్దించమంటుంది. అంటే కాపరి మీద ఆరోపణ వినడం లేఖనం ఏర్పరచిన క్రమమే. దీనికి అడ్డుగా చాలాచోట్ల "అభిషిక్తులను ముట్టకూడదు" అన్న మాట వాడతారు. అది కీర్తన 105:15లోది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు పరదేశులుగా తిరుగుతున్నప్పుడు రాజులు వారికి హాని చేయకుండా దేవుడు కాపాడిన సందర్భం. కాపరిని లెక్క అడగకూడదని దానికి అర్థం లేదు. ప్రసంగంలో ఈ వాక్యం ఆ అర్థంతో వినిపిస్తే, ఆ సంఘాన్ని జాబితాలోంచి తీసేయడానికి అదొక్కటే చాలని నా అభిప్రాయం.

డబ్బు విషయంలోనూ ఇదే సూత్రం. పౌలు యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసి, ఎవరూ వేలెత్తి చూపకుండా దాన్ని తీసుకెళ్లడానికి మరికొందరిని కూడా జతచేశాడని 2 కొరింథీయులకు 8:20-21లో చదువుతాం. అపొస్తలుడే అలా చేశాడు కాబట్టి లెక్కలు అడగడం అపనమ్మకం కాదు. అడగాల్సినవి ఇవి: కానుకల పెట్టె తెరిచేటప్పుడు బంధుత్వం లేని ఇద్దరు కలిసి లెక్కపెడతారా? బ్యాంకు ఖాతా సంఘం పేరున ఉందా, వ్యక్తి పేరునా? డబ్బు తీయడానికి ఎన్ని సంతకాలు కావాలి? స్థలం, భవనం ఎవరి పేరున రిజిస్టరయ్యాయి? ఏడాది లెక్కలు సభ్యుల ముందు పెడతారా, బయటి ఆడిటరు చూస్తారా? కాపరి జీతం ఎవరు నిర్ణయిస్తారు? కతోలిక సంఘంలో ప్రతి విచారణకూ (పారిష్‌కూ) ఆర్థిక మండలి ఉండాలని అదే ధర్మశాస్త్ర స్మృతిలోని 537వ నియమం చెబుతుంది; అది పేరుకే ఉందా, సమావేశమవుతోందా అని అడగొచ్చు. భవనం కాపరి సొంత పేరున ఉంటే, ఆయన ఎంత మంచివారైనా, ఆయన తర్వాత ఆ సంఘం వారసుల ఆస్తి అవుతుంది. విడిపోయే సంఘాల్లో గొడవ ఎక్కువగా అక్కడే మొదలవుతుంది.

దశమభాగం అడగడం తప్పు కాదు. ఇవ్వకపోతే శాపం తగులుతుందని మలాకీ 3 చూపించి భయపెట్టడం తప్పు. 2 కొరింథీయులకు 9:7 సణుగుకొనక, బలవంతం లేకుండా, మనసులో నిశ్చయించుకున్నట్టు ఇవ్వమంటుంది. ఎవరెంత ఇచ్చారో పేర్లతో చదివి వినిపించే చోట, ఇచ్చినవారికే ప్రత్యేక ప్రార్థన దొరికే చోట పేదవాడు సంఘంలో ఉండలేడు. అప్పు చేసైనా విత్తనం విత్తమని, అంటే కానుకిస్తే అది ఎన్నో రెట్లుగా తిరిగొస్తుందని చెప్పే చోటు నుంచి ఆ పూటే వచ్చేయండి.

మీకు చిన్నపిల్లలున్నారు కాబట్టి సండే స్కూలు గదులను మీరే వెళ్లి చూడాలి. పిల్లలతో ఎప్పుడూ కనీసం ఇద్దరు పెద్దవాళ్లుండాలి, వాళ్లు ఒకే కుటుంబం కాకపోతే మేలు. తలుపుకు అద్దం ఉండాలి, లేదా తలుపు తెరిచి ఉండాలి. చిన్నపిల్లలను అప్పగించినవారికే తిరిగి ఇవ్వాలి. బాత్రూముకు ఎవరు తీసుకెళ్తారో నియమం ఉండాలి. పిల్లల మధ్య సేవకు కొత్తగా వచ్చినవారిని వెంటనే పెట్టకూడదు. ఆరు నెలలైనా సంఘంలో ఉండి, పరిశీలన అయ్యాకే అన్న నియమం మంచి సంఘాల్లో ఉంటుంది. "పిల్లల భద్రత కోసం రాసి పెట్టిన నియమాలున్నాయా?" అని సూటిగా అడగండి. "మావాళ్లంతా మంచివాళ్లే" అన్నది జవాబు కాదు, ఎందుకంటే హాని చేసేవాడు ముందుగా సంపాదించుకునేది మంచివాడన్న పేరే. ఆ తర్వాతి ప్రశ్న: పిల్లలపై అఘాయిత్యం జరిగిందని ఎవరైనా చెబితే మొదట ఎవరికి తెలియజేస్తారు? పోలీసులకు, బాలల సంరక్షణ అధికారులకు అన్న మాట రావాలి. మత్తయి 18:15 చూపించి, ముందు ఇద్దరూ ఒంటరిగా మాట్లాడుకోవాలంటే ఆ వాక్యాన్ని తప్పుచోట వాడుతున్నారు. సహోదరుల మధ్య తప్పిదాలను సరిచేసుకునే క్రమం అది. నేరం చేసినవాడి ముందు బిడ్డను ఒంటరిగా నిలబెట్టడానికి కాదు.

మరికొన్ని విషయాల్లో రెండో ఆలోచన అక్కర్లేదు. స్వస్థత కోసం ప్రార్థించడం బైబిలు చెప్పినదే, కానీ మందులు ఆపేయమని, ఆపితేనే విశ్వాసమని చెప్పే చోట ఒక్క వారం కూడా ఉండకండి. షుగరు, మూర్ఛ, మానసిక వ్యాధుల మందులు అర్ధాంతరంగా ఆపితే ప్రాణాలే పోవచ్చు. పెళ్లి ఎవరితో, ఉద్యోగం మానాలా, ఆస్తి అమ్మాలా అన్నవి ప్రవచనం పేరుతో నిర్దేశించే చోట, బయటి బంధువులతో, ఇతర సంఘాల విశ్వాసులతో తిరగొద్దనే చోట కూడా ఇంతే. 1970లలో అమెరికాలో ఒక ఉద్యమం నడిచింది, ప్రతి విశ్వాసీ తనపైన ఉన్న కాపరికి సొంత నిర్ణయాల్లో సైతం లోబడాలని అది బోధించింది. నడిపినవారు దురుద్దేశంతో మొదలుపెట్టలేదు. విశ్వాసులు బలపడాలనే అనుకున్నారు. అయినా ఎన్నో కుటుంబాలు దెబ్బతిన్నాయి. దాని నాయకుల్లో ఒకరైన బాబ్ మమ్‌ఫర్డ్ తర్వాత బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మంచి ఉద్దేశం ఉందన్నది సరిపోదు, అధికారానికి హద్దు కూడా ఉండాలి.

నాలుగు వారాలయ్యాక కాపరిని గంటసేపు కలవడానికి సమయం అడగండి. భార్యాభర్తలు ఇద్దరూ వెళ్లండి. పైన చెప్పిన ప్రశ్నలన్నీ వరుసగా అడిగితే విచారణలా ఉంటుంది, కాబట్టి కాగితాల్లో దొరికేవి ముందే చూసుకుని, ఆయన నోట వినాల్సినవి మాత్రమే అడగండి. నాకు ఎక్కువ విలువైనదిగా తోచే ప్రశ్న: "ఈ రెండు మూడేళ్లలో సంఘం విడిచి వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారు?" ప్రతి సంఘం నుంచీ మనుషులు వెళ్తారు. వెళ్లినవాళ్లంతా లోకస్థులు, తిరుగుబాటుదారులు అయితే ఆ కాపరి దృష్టిలో రేపు మీరూ అదే. కొందరి గురించి బాధపడుతూ, కొందరి విషయంలో సంఘం పొరపాటు కూడా ఉందని ఒప్పుకోగలిగితే ఆయన దగ్గర మీరు భయం లేకుండా మాట్లాడగలరు. "పెద్దలు మీ అభిప్రాయాన్ని కాదన్న సందర్భం ఏదైనా ఉందా?" అనీ అడగండి. ఒక్కటీ గుర్తు రాకపోతే పెద్దల సభ ఉన్నా లేనట్టే. జవాబుల్లోని మాటలతో పాటు, అడిగినందుకు ఆయన ముఖంలో వచ్చిన మార్పును కూడా చూడండి. ప్రశ్నకు నొచ్చుకునే కాపరి, రేపు మీ పాప అడిగే ప్రశ్నలకూ నొచ్చుకుంటాడు.

దూరం, పరిమాణం చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ ఏడాది తిరిగేసరికి అవే నిర్ణయిస్తాయి. అరగంటకు మించిన ప్రయాణమైతే ఆదివారం వెళ్తారు, వారం మధ్యలో వెళ్లరు. జబ్బు చేస్తే ఎవరూ ఇంటికి రాలేరు. వందలోపు మంది ఉన్న సంఘంలో మీరు రాకపోతే తెలుస్తుంది. వందల సంఖ్యలో ఉన్నచోట చిన్న గృహ కూటం లేకపోతే ఏళ్లు గడిచినా మీ పేరు ఎవరికీ తెలియదు. పెద్ద సంఘమైతే, మీ ఇంటి దగ్గర కూటం ఎవరు నడుపుతున్నారో, ఆయనకు ఎవరు నేర్పుతున్నారో చూసి నిర్ణయించండి, ఎందుకంటే మీకు ఆచరణలో కాపరి ఆయనే. ఆన్‌లైన్ ప్రసంగాలు వినడానికి మంచివే, కానీ బల్ల దగ్గర కూర్చోవడం, ఒకరి భారం ఒకరు మోయడం తెర మీద జరగవు.

మొత్తానికి మూడు నెలల గడువు పెట్టుకోండి. రెండు సంఘాలు చెరో నాలుగు వారాలు, కాపరులతో మాట్లాడటం, ఇంట్లో మాట్లాడుకోవడం, మిగతాది ఎక్కువ నచ్చినచోట ఇంకోసారి చూసుకోవడం. ఈలోగా మొదటి వారమే పాటల బృందంలోనో, సండే స్కూల్లోనో చేరమని అడిగితే మర్యాదగా ఆగమనండి. చేరిపోతే బయటికి రావడం కష్టమవుతుంది, నిర్ణయం మీ చేతిలోంచి జారిపోతుంది. గడువు ముగిసేసరికి రెండూ సమానంగా తోస్తే, పిల్లలకు బాగా అర్థమయ్యే భాషలో ఆరాధన జరిగేదాన్ని తీసుకోండి. ఏదీ మీరు రాసుకున్న కాగితానికి పూర్తిగా సరిపోకపోతే, నీకయ హద్దు, జవాబుదారీతనం, పిల్లల భద్రత ఈ మూడూ వదలకుండా మిగతావాటిలో సర్దుకోండి. ఆ మూడింటిలో ఏది లోపించినా వేరే ఊరి దాకా వెతకడమే మంచిది.

నిర్ణయం అయ్యాక అతిథిగానే ఏళ్లు గడపకుండా సభ్యత్వం తీసుకోండి. దానికి మీ పాత సంఘాల నుంచి బదిలీ పత్రాలు, బాప్తిస్మ ధృవపత్రాల నకళ్లు ఇప్పుడే తెప్పించి పెట్టుకోండి. మీ ధృవపత్రంలో తేదీ, కాపరి పేరు, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో నీటితో ఇచ్చినట్టు స్పష్టంగా ఉందో లేదో సరిచూసుకోండి. పాత రిజిస్టర్లు పోయి ఉంటే, ఆ రోజు అక్కడ ఉన్న ఇద్దరు పెద్దవాళ్ల చేత సాక్ష్యపత్రం రాయించుకోవచ్చు, చాలా సంఘాలు దాన్ని అంగీకరిస్తాయి. మీరు ఎంచుకోని సంఘం కాపరికి కూడా ఒక ఫోన్ చేసి, వేరే చోట చేరుతున్నామని చెప్పండి, లేకపోతే ఆయన ఆ నాలుగు వారాలూ మీ కోసం ప్రార్థించి, మీరెందుకు రావడం లేదో తెలియక వెతుకుతూ ఉంటారు.